కుమానో కోదో నడకకు బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నవంబరులో మీరిద్దరూ జపాన్‌లోని పాత యాత్రా మార్గం కుమానో కోదో నడవబోతున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసంతా ఆ దేవదారు అడవిలోనే ఉంది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. నడక మొదలయ్యే తకిజిరి నుంచి హొంగు గుడి దాకా సుమారు 38 కిలోమీటర్లు రెండు రోజుల్లో ముగించాలని రాశావు. అది మార్చు తల్లీ. మీ కాళ్లకు ఆ సత్తువ ఉంది, కాదనను. కానీ సాయంత్రాలు పోతాయి.

మొదటిసారి నేనూ అలాగే చేశాను. ఆ కొండల్లో నవంబరులో నాలుగున్నరకే చెట్ల కింద చీకటి పడుతుంది. మేం బసకు చేరేసరికి ఏడు దాటింది. అక్కడి మిన్‌షుకు అంటే హోటల్ కాదు, ఒక కుటుంబం తన ఇంట్లో ఇచ్చే బస. భోజనం ఆరింటికే వడ్డిస్తారు. ఆ ఇంటి పెద్దావిడ టార్చి పట్టుకుని వీధి మలుపు దాకా వచ్చి నిలబడింది. ఒక్క మాట అనలేదు. ఆమె ముఖంలోని కంగారు మాత్రం నాకిప్పటికీ గుర్తే.

అందుకే నాలుగింటికల్లా చేరేలా చూసుకోండి. షిన్ ఒసాకాలో కురోషియో రైలెక్కి కీ-తనబేలో దిగితే తకిజిరికి బస్సు ఉంటుంది. మొదటి రోజు తకహారా ఊరి దాకా చాలు. నాలుగు కిలోమీటర్లే అయినా మొదటి ఎక్కుడు మన అలిపిరి దారిలో మోకాళ్ల మిట్టను గుర్తుకు తెస్తుంది. రెండో రోజు చికత్సుయు ఊరి దాకా. మూడో రోజు అంతా నడవాలని పట్టుబట్టొద్దు. బస్సులో హొష్షిన్‌మోన్ ఓజి అనే చిన్న గుడి దాకా వెళ్లి, అక్కడి నుంచి హొంగుకు ఏడు కిలోమీటర్లు నడవండి. దారిలో ఫుషిఒగమి అనే చోటు వస్తుంది. సాగిలపడి మొక్కడం అని ఆ పేరుకు అర్థం. రోజుల తరబడి నడిచొచ్చిన యాత్రికులు క్షేత్రం మొదటిసారి కనబడగానే అక్కడే మోకరిల్లేవారట. అక్కడ కాసేపు కూర్చోండి.

హొంగు గుడి చూసి వచ్చేయకండి. కిందికి దిగి ఒయునొహారాకు వెళ్లండి. 1889 వరదకు ముందు గుడి ఉండింది ఆ నది ఒడ్డునే. మిగిలిన మందిరాలను ఎత్తు మీదికి తరలించారు. ఇప్పుడక్కడ దాదాపు 34 మీటర్ల ఎత్తున్న తోరి ద్వారం, దాని వెనక చెట్లు, నిశ్శబ్దం. మొత్తం ప్రయాణంలో నాకు కళ్లు చెమర్చింది అక్కడే.

తిండి గురించి నీకు టెన్షన్ ఉంటుందని తెలుసు. అక్కడి పులుసుల్లో, సాస్‌లలో చేప నుంచి తీసిన దాషి అనే రసం కలుస్తుంది. కూరగాయలే కనబడినా అది ఉండొచ్చు. బస బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, దాషి వద్దని రాయి. వెళ్లాక చెబితే పాపం వాళ్లకేమీ తోచదు. పచ్చళ్లు తీసుకెళ్లు కానీ, వాళ్లు వండింది ముందు రుచి చూడు. చేతిలో నగదు ఉంచుకోండి, కొండ ఊళ్లలో కార్డు నడుస్తుందని నమ్ముకోవద్దు.

బరువైన పెట్టెలు బస నుంచి బసకు చేర్చే సర్వీసు ఉంది, వాడుకోండి. ఈ దారి ఉన్న కీ ద్వీపకల్పంలో వానలెక్కువ. నాచు పట్టిన రాళ్లు జారతాయి, కాబట్టి పట్టున్న బూట్లు, మంచి రెయిన్‌కోటు తప్పనిసరి. కొత్త బూట్లయితే నెల ముందే వేసుకుని తిరుగు.

ఇంట్లో చెప్పులు విప్పడం మనకు అలవాటే. టాయిలెట్‌కు వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో చాప మీదికి రావద్దు. బసలో ఇచ్చే యుకతా అనే నూలు అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది చనిపోయినవాళ్లకు కట్టే తీరు.

చివరి రాత్రి హొంగుకు దగ్గర్లోని వేడినీటి బుగ్గల ఊరు యునొమినేలో ఉండండి. అక్కడి త్సుబొయు చిన్న చెక్క గదిలోని వేడినీటి గుంట, ఒక్కో జట్టుకు అరగంట ఇస్తారు. వేడినీటి కొలనులో దిగే ముందు ఒళ్లు రుద్దుకుని కడుక్కోవాలి. చాలా చోట్ల బట్టల్లేకుండానే దిగుతారు. సిగ్గుపడకు, ఎవరూ చూడరు. ఊరి మధ్యలో మరిగే బుగ్గ ఒకటుంది. పక్క దుకాణంలో గుడ్లు కొని వలసంచిలో వేసి అందులో దించండి. మీ ఆయన తింటాడుగా. నీకోసం చిలగడదుంపలు దొరుకుతాయేమో చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ