పురుడు పదకొండో రోజుకు, పరీక్ష 48 గంటల్లో

ప్రశ్న: మేం నెబ్రాస్కాలోని ఒమాహాలో ఉంటున్నాం. వచ్చే నెల మా ఆవిడ ప్రసవం. ఆమె నా మేనమామ కూతురే. పుట్టుకతో వచ్చే జబ్బులేమైనా ఉన్నాయేమో చూసే పరీక్షకు, పుట్టిన రెండు రోజుల్లో బిడ్డ మడమ గుచ్చి రక్తం తీస్తారట. పురుడు వెళ్లేదాకా పసిగుడ్డుకు సూది తగలకూడదని మా అత్తగారు రోజూ ఏడుస్తున్నారు. పైగా ఆ రక్తపు చుక్కలను ప్రభుత్వం దాచిపెట్టి పరిశోధనలకు వాడుతుందని నా భయం. అసలు నా బాధంతా అదే. డాలస్‌లో మా ఫ్రెండు మతం పేరు చెప్పి సంతకం పెట్టి తప్పించుకున్నాడు. నేనూ అలా రాసివ్వొచ్చా? ప్రసవానికి టెక్సాస్ వెళ్లమంటారా?

జవాబు: మీ అత్తగారి కన్నీళ్లు, మీ ఫ్రెండు సంతకం రెండూ పక్కన పెడదాం. బిడ్డ ఏ రాష్ట్రంలో పుడితే ఆ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు మత కారణంతో మినహాయింపు ఇస్తాయి. నెబ్రాస్కా ఇవ్వదు. రాసివ్వడానికి అక్కడ మీకు కాగితమే లేదు.

ఇది తేలిపోయిన విషయం. మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) కేసే. డగ్లస్ కౌంటీ, అనయా దంపతుల వ్యాజ్యంలో, రక్తం తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న మత విశ్వాసాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 2005లో విని కూడా చట్టాన్నే నిలబెట్టింది. మీకు ఇంకా దగ్గరి కేసు మరొకటి ఉంది. బిడ్డను ఏడు రోజులు ప్రశాంతంగా ఉంచాలి, పరీక్ష ఆ తర్వాత చేయండి అని సైంటాలజీ అనే మతాన్ని నమ్మే ఓ జంట అడిగితే ఫెడరల్ కోర్టు 2006లో కాదంది. ఏడు రోజులకే ఒప్పుకోని వాళ్లు మీ పదకొండు రోజులకు ఒప్పుకుంటారా?

ఆస్పత్రి నుంచి చెప్పకుండా వెళ్లిపోవడం, ఇంట్లోనే కాన్పు చేయించుకోవడం లాంటివి మాత్రం చేయకండి. అనయా కుటుంబంలో 2007లో పుట్టిన బిడ్డను పరీక్ష కోసం ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంది. తల్లిదండ్రుల నిర్లక్ష్యం రుజువు కాలేదని 2008లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వాళ్లు గెలిచారు. కానీ బిడ్డ అప్పటికే చేతులు మారాడు, రక్తం కూడా తీసేశారు. ఇలాంటి వ్యవహారంలో గడువు గంటల్లో ఉంటుంది, తీర్పు ఏడాదికి వస్తుంది.

ఇక టెక్సాస్. అక్కడ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మీరు సభ్యులుగా ఉన్న మత సంస్థ నియమానికి ఈ పరీక్ష విరుద్ధమని చెప్పాలి. ఆ అభ్యంతరం బిడ్డ వైద్య రికార్డులో ఎక్కుతుంది, దాని కింద మీరు సంతకం చేయాలి. మీ అసలు బాధ రక్తం నిల్వ గురించని మీరే నాకు రాశారు. ఫ్రెండుకు వాట్సాప్‌లోనూ ఇదే రాసి ఉంటారు. రేపు ఏదైనా జరిగితే ఆ సంతకానికి ఎదురు సాక్ష్యం మీ రాతే. తొమ్మిదో నెలలో ప్రయాణం కట్టి అబద్ధం మీద సంతకం పెట్టడానికి వెళ్తారా?

ఇంకొకటి. మేనరికం సంగతి మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. అదెంత పెద్ద విషయమో తెలుసా? ఈ పరీక్షలో వెతికే జబ్బుల్లో చాలావాటికి రెండు వైపుల నుంచీ లోపమున్న జన్యువు రావాలి. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. పాలలోని చక్కెరను ఒళ్లు అరిగించుకోలేని గెలాక్టోసీమియా అనే జబ్బు ఉన్న బిడ్డకు తల్లిపాలే విషం, మొదటి వారంలోనే ప్రాణం మీదకు రావచ్చు. ఈ మాట డాక్టరుకు చెప్పారా? రేపే చెప్పండి. ఊళ్లో పిల్లలకు పురిట్లోనే బీసీజీ సూది వేయిస్తున్నాం కదా అని అత్తగారికి గుర్తుచేయండి.

మీ నిల్వ భయం మాత్రం ఉత్తది కాదు. టెక్సాస్‌లో తల్లిదండ్రులు 2009లో ఫెడరల్ కోర్టుకెక్కాక, అనుమతి లేకుండా దాచిన 50 లక్షలకు పైగా నమూనాలను రాష్ట్రం ధ్వంసం చేయాల్సి వచ్చింది. గమనించండి, వాళ్లు అడిగింది పరీక్ష ఆపమని కాదు, నిల్వ గురించి. మీరూ ఆ దారినే పోండి. మిగిలిన రక్తపు చుక్కలు ఎన్నాళ్లు ఉంచుతారు, పరిశోధనకు ఇస్తారా అని అడుగుతూ, పరీక్ష ముగిశాక ధ్వంసం చేయాలని కోరుతూ నెబ్రాస్కా ఆరోగ్య శాఖకు కాన్పుకు ముందే లేఖ రాయండి. సర్టిఫైడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబు నచ్చకపోతే ఆ లేఖ పట్టుకుని అక్కడి వకీలును కలవండి.

బారసాల దాకా పేరు పెట్టం కాబట్టి రక్తపు కార్డు మీద బిడ్డకు తల్లి ఇంటిపేరే పడవచ్చు. ఫలితం అడిగేటప్పుడు ఆ పేరే చెప్పండి. కార్డు మీద ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో ఆస్పత్రి వదిలేలోపు చూసుకోండి.