బాస్ చేపలు పట్టడానికి మొదటిసారి రాడ్, రీల్, లైన్ ఎలాంటివి కొనాలి?

7 అడుగుల మీడియం పవర్ (మరీ గట్టిగా, మరీ మెత్తగా లేని), ఫాస్ట్ యాక్షన్ (కొన దగ్గరే వంగే) స్పిన్నింగ్ రాడ్, దాని కింద వేలాడే 2500 సైజు స్పిన్నింగ్ రీల్ చాలు. బెయిట్‌కాస్టర్ (రాడ్ పైన కూర్చునే, ఎర విసిరినప్పుడు స్పూల్ తిరిగే రీల్) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. లైన్ చుట్టి ఉండే ఆ స్పూల్‌ని బొటనవేలితో అదుపు చేయడం రాకపోతే చిక్కులు విప్పడంతోనే పొద్దుపోతుంది. దట్టమైన నాచులోంచి పెద్ద చేపని లాగాలంటే మాత్రం బెయిట్‌కాస్టరే కావాలి.

అసలు ఆలోచించాల్సింది లైన్ (గాలం దారం) గురించి. ఫ్లోరోకార్బన్ (చేపకి అంతగా కనబడని ప్లాస్టిక్ లైన్) నీళ్లలో మునుగుతుంది, కాబట్టి అడుగున ఆడించే ప్లాస్టిక్ వానపాములకి బాగుంటుంది. నీటిపై తేలే ఎరకి కడితే దాని మూతిని కిందికి లాగేస్తుంది; అక్కడ మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) గానీ బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన లైన్) గానీ వాడాలి. బ్రెయిడ్ దాదాపు సాగదు, చేప చిన్నగా కొరికినా చేతికి తెలుస్తుంది. కాకపోతే తేటనీళ్లలో చేపకి కనబడుతుంది, అందుకే చివర కాస్త ఫ్లోరోకార్బన్ ముక్క ముడివేయండి. గాలం మొన గోటికి గుచ్చుకోకుండా జారిపోతుంటే పదును పెట్టండి, లేదా మార్చేయండి.