పొదగడమా, తాపడమా?

సందేహం: గుండ్రని చెక్కబల్ల తయారీ గురించి వ్యాసం రాస్తున్నాను. బల్ల పైభాగమంతటా అతికించే వెనీర్ అనే పలుచని చెక్క పొరకూ, దాని నడుమ వేరే రంగు చెక్కతో అమర్చే పువ్వుకూ కలిపి ‘పొదగబడిన బల్ల’ అని రాశాను. ‘పొదుగు’ అంటే గేదె గుర్తుకొస్తుంది, ‘ఖచ్చితమైన బల్ల’ అనండి అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడి సలహాను ముందు పక్కన పెట్టండి. ఆయన మనసులో మెదిలిన మాట ‘ఖచితము’ అయి ఉంటుంది. అది సంస్కృతం, పొదిగినది అని అర్థం; రత్నఖచితం, మణిఖచితం వంటి సమాసాలలో శోభిస్తుంది. ‘కచ్చితం’ వేరే మాట. దానికి లేని ఒత్తు తగిలించి ‘ఖచ్చితం’ అని రాయడం, ఆపైన రెండింటినీ ఒకే గాట కట్టేయడం ఈ కాలపు రాతలకు పట్టిన జాడ్యం. బల్ల కొలతలు కచ్చితంగా ఉండవలసిందే. అంతమాత్రాన బల్ల ఖచితం కాదు. మీ ‘పొదగబడిన’ కూడా నాకు రుచించలేదు. ‘పొదిగిన’ అని హాయిగా అనగలిగినచోట ఈ ‘బడు’ ఎందుకో!

ఇక గేదె సంగతి. ఆయన వెక్కిరించిన చోటే అసలు సొగసు ఉంది. పక్షి గుడ్లను పొదుగుతుంది, కంసాలి రాయిని బంగారంలో పొదుగుతాడు, పాలు నిండి ఉండే చోటు పొదుగు. బిడ్డను పొదివి పట్టుకోవడంలోని ‘పొదువు’నూ, బాణాలు దాచే ‘పొది’నీ వీటి సరసన నిలిపి చూస్తే, చుట్టూ కమ్ముకొని లోపలిదాన్ని కాపాడడమనే భావం అన్నింటిలోనూ తొంగిచూస్తుంది. తమిళంలో ‘పొది’ అంటే మూట. కన్నడంలో ‘హొదికె’ అంటే ఒంటిమీద కప్పుకొనేది. ఇవన్నీ ఒకే కుదుటి మొక్కలని నా నమ్మకం.

ఈ భావం మీ బల్ల మీద కంటికి కనబడుతుంది. పువ్వు రేకు ఆకారంలో ముక్కను ముందుగా కోసి, దాని అంచు వెంబడి సన్నని కత్తిమొనతో గీత గీసి, ఆ గీత దాటకుండా ఉలితో గుంట తీస్తారు. గుంట లోతు ముక్క మందం కంటే వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. జిగురు పెట్టి దించిన ముక్క కాస్త ఉబ్బెత్తుగా నిలుస్తుంది; జిగురు ఆరాక దాన్ని గీకి చుట్టూ ఉన్న చెక్కతో సమం చేస్తారు. ఇక్కడ కింది చెక్క రేకును నలువైపులా పొదువుకొంది కనుక ‘పొదగడం’ అన్న మాట దీనికి అతికినట్టు సరిపోతుంది.

పొదగడంలోని అందం చూడాలంటే నిఘంటువు కంటే పోతన దగ్గరకు వెళ్లడమే నాకిష్టం. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల’ అంటూ మొదలుపెట్టి, మందారవనం, దాని నడుమ అమృతసరస్సు, ఆ ఒడ్డున చంద్రకాంతశిల, దానిపై కలువల పాన్పు, అక్కడ రమతో వినోదించే స్వామి అని, ఒకదానిలో ఒకటిగా ఎంత లోపలికి తీసుకువెళ్లాడో గమనించండి. ‘పొదుగు’ అన్న మాట వాడకుండానే పద్యమంతా పొదిగాడు. అయితే రాతి మీది కలువల పాన్పు మాత్రం పొదిగినది కాదు, పరచినది. మీ వెనీర్ ఈ కోవలోకే వస్తుంది.

ఇంకొక విశేషం. ఈ పద్యం మత్తేభమనే వృత్తం. దానికి ప్రాస తప్పదు కనుక నాలుగు పాదాలలోనూ రెండో అక్షరం ‘ల’ కావాలి. అందుకోసం దా-పల, కాంతోపలో-త్పల, వి-హ్వల అని మాటలను పాదాల చివర కోసి కింది పాదంలో కలిపాడు. చదివే గొంతుకు ఆ అతుకులు తగలవు. గుండ్రని బల్ల మీద వెనీర్ పరిచే పనివాడికీ ఇదే పరీక్ష. సూర్యకిరణాల్లా పదహారు ముక్కలను కేంద్రంలో కలపాలంటే ఒక్కొక్కటి 22.5 డిగ్రీల కోణంలో ఉండాలి. ప్రతి ముక్కలోనూ పావు డిగ్రీ తగ్గితే చివరికి నాలుగు డిగ్రీల సందు నోరు తెరుస్తుంది. పదహారు మొనలూ ఒకే బిందువులో కలవడం ఎంత కష్టమో తెలిసినవారు నడుమ ఒక గుండ్రని పువ్వును పొదిగి ఆ చిక్కు తప్పించుకోవడం కద్దు.

గుంట తీయకుండా, అడుగు చెక్కనంతా కప్పుతూ అతికించే పొరకు ‘తాపడం’ మేలు. గోపురానికి బంగారు రేకు తాపడం చేయించారంటే అందరికీ అర్థమవుతుంది కదా. బల్ల వంగిపోకుండా అడుగువైపు అతికించే పొర కూడా తాపడమే. ‘వెనీర్’ అనే మాటనే ఉంచుకొన్నా నాకు అభ్యంతరం లేదు, పని మాత్రం ‘వెనీర్ తాపడం’ అనండి.

చిక్కల్లా రంగురంగుల వెనీర్ ముక్కలతోనే ముందుగా బొమ్మను కూర్చి, ఆ కూర్చిన పొరను మొత్తంగా బల్లకు అతికించే పద్ధతితో వస్తుంది. అందులో ముక్కకు ముక్క ఒరుసుకొని ఉంటుందే గాని గుంట లేదు, కనుక నేనైతే ‘కూర్పు’ అంటాను. కానీ పొదుగుకు మూలభావం కప్పుకోవడమే అయినప్పుడు దాన్నీ పొదగడమే అనకూడదా అని ఎవరైనా వాదిస్తే, కాదని గట్టిగా చెప్పలేను.