పాత భూగర్భ సర్వే నివేదికలు చదివి తీరంలోని రాళ్లను చిత్రించడం గురించి

విశాఖ తీరంలోని రాళ్లను పందొమ్మిదో శతాబ్దపు భూగర్భ సర్వే నివేదికల ఆధారంగా నీటిరంగుల్లో చిత్రించాలనుకుంటున్నానని, ఎంత శ్రద్ధగా చదివి వేసినా అవి కాగితం మీద గోధుమరంగు ముద్దల్లాగే వస్తున్నాయని గుంటూరు నుంచి మీరు రాశారు. విజయవాడలో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే పని మీద ఉన్నవాణ్ని కనుక, నాకు అక్కరకు వచ్చిన పద్ధతిని చెబుతాను.

ఆ నివేదికల్లో రంగుల వర్ణన కోసం వెతకకండి. సర్వేకు వెళ్లినవారు ముందుగా రాసుకునేది రాతి పొరలు ఏ దిక్కుగా సాగాయి, ఎంత కోణంలో వాలాయి, దేని మీద ఏది ఉంది అన్న సంగతులనే. తూర్పు కనుమల రాళ్లలో ఈ పొరల బారు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. రాతి ఆకారాన్ని గీయకముందే, మీరు నిలబడిన చోటు నుంచి ఆ బారు, ఆ వాలు ఎలా కనిపిస్తాయో కాగితం మీద పలుచగా రెండు మూడు గీతలుగా పెట్టుకోండి. పగుళ్లను, అలలు తొలిచిన గూళ్లను ఆ గీతలతో పోల్చి చూస్తూ వేస్తే, బయటి అంచు దానంతట అదే కుదురుతుంది. రాయి ముద్దలా కనిపించడానికి చాలాసార్లు కారణం రంగు కాదు, ఈ వాలు లోపించడమే అని నా గట్టి అభిప్రాయం.

రంగు సంగతికి వస్తే, విశాఖ వెళ్లేలోగా బెజవాడ కొండలను చూడండి. విశాఖ రాళ్లలాగే ఇవీ ప్రధానంగా ఖోండలైట్ అనే శిల జాతివే. ఖోండు తెగ పేరు మీదుగా ఈ శిలకు 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ ఆ పేరు పెట్టారు. మొగల్రాజపురం కొండ కింద రాలిపడిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే, పైభాగమంతా తుప్పురంగులో, అక్కడక్కడా సుద్దలా తెల్లగా ఉంటుంది. విరిగిన వైపు మాత్రం బూడిదరంగులో గాజులా మెరిసే క్వార్ట్జ్, దాని మధ్య కందిగింజల్లా ముదురెరుపు గార్నెట్ అనే ఖనిజపు గింజలు, కొన్నింటి చుట్టూ తుప్పు వలయాలు కనిపిస్తాయి. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి మరక కడుతుంది, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం మెత్తబడి తెల్లని మట్టిగా మారుతుంది. తీరంలోని రాతిగోడల మీద మనకు కనిపించే ఎరుపు, తెలుపు చారలకు మూలం చాలావరకు ఇదే. అందుకే ఇండియన్ రెడ్ అనే ఎరుపు రంగును మొత్తం పూతలో కలపకుండా, పూత సగం ఆరాక చుక్కలుగా పెట్టి, తడి కుంచెతో పొర వాలు వెంట కిందికి లాగుతాను. చార్నొకైట్ అనే మరో శిల దీనికి భిన్నంగా, నూనె రాసినట్టు ముదురుగా ఉంటుంది. దానికి అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా గోధుమ కలిపి గరుకు కాగితం మీద వదిలేస్తే, రంగు రేణువులు విడివిడిగా దిగి రాతి పలుకును బాగా పట్టిస్తాయి. అల తడిపిన మేర ఏ రాయైనా ఒక మెట్టు ముదురుగా ఉంటుందని మరవకండి.

భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1886లో రాసిన విశాఖ జిల్లా వివరణ మీ దగ్గర ఉంటే చూడండి. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను మాత్రం వేరే పద్ధతిలో వేయాలి. అది రాయి కాదు, ఇనుప ఆక్సైడ్ పూత పట్టిన ఇసుక. అక్కడ చిత్రానికి ఆధారం వాన నీరు కోసిన గండ్లే. ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం కనుక, అంచుల మీదికి ఎక్కకుండా దారిలోనే కూర్చుని వేయండి.

గుంటూరు వారు కాబట్టి ఇంకొక మాట. అదే సర్వేలో పనిచేసిన బ్రూస్ ఫుట్ 1879లో వెలువరించిన నివేదిక మచిలీపట్నం దాకా ఉన్న తీరం గురించినదే. ఒంగోలు ప్రాంతంలోని బూదవాడ, వేమవరం, పావులూరు రాతిపొరలకు ఆ ఊళ్ల పేర్లే ఉన్నాయి. ఇవాళ సముద్రానికి ఎడంగా ఉన్న ఆ పొరల్లో ఆకుల ముద్రలతో పాటు సముద్రజీవుల శిలాజాలూ దొరికాయి, అంటే అదీ ఒకప్పటి తీరమే. మీ చిత్రాల వరుసను విశాఖతో కాక అక్కడి నుంచి మొదలుపెట్టమని నా సలహా. దూరమూ తక్కువ, ఆ రాళ్లను చిత్రించినవారూ తక్కువే.