గుజ్జు అరిగిన మోకాలికి కీహోల్ ‘క్లీనింగ్’ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి. గుజ్జు అరిగిందని, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తటి దిండులాంటి పొర) చిరిగిందని ఎంఆర్‌ఐలో వచ్చింది. చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్‌తో లోపల శుభ్రం చేస్తే తగ్గుతుందన్నారు. పక్కింటావిడకు అలాగే తగ్గిందట. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తొందరపడకండి. ఈ ఆపరేషన్‌కు పెట్టినంత గట్టి పరీక్ష చాలా ఆపరేషన్లకు పెట్టలేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు లోపల గీకి సరిచేశారు. ఇంకో జట్టుకు కడిగి వదిలేశారు. మూడో జట్టుకు చేసింది ఉత్తుత్తి ఆపరేషన్! మత్తిచ్చి, మోకాలి మీద సెంటీమీటరు కోతలు మూడు పెట్టారు. సర్జన్ పరికరాలన్నీ అడిగి తీసుకున్నారు, కాలు వంచి తిప్పారు, కడుగుతున్న చప్పుడు వచ్చేలా సెలైన్ చిలకరించారు. లోపల మాత్రం ఏమీ ముట్టుకోలేదు. 2002లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్లపాటు గమనించినా, ఉత్తుత్తి జట్టుకన్నా మిగతా రెండు జట్లకు నొప్పి తగ్గిందేమీ లేదు.

వాళ్లంతా దాదాపు మగవాళ్లు, మాజీ సైనికులు కదా అని అభ్యంతరం వచ్చింది. ఆడవాళ్లు కూడా ఉన్న కెనడా అధ్యయనం (2008)లోనూ అంతే: ఫిజియోథెరపీ, మందులకు ఈ ఆపరేషన్ కలిపినా అదనంగా ఒరిగింది లేదు. మరి చిరిగిన మెనిస్కస్ మాటేమిటి? ఫిన్లండ్‌లో గుజ్జు అరగకుండా మెనిస్కస్ మాత్రమే చిరిగిన 146 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చిరుగు సరిచేశారు, ఇంకో జట్టుకు ఉత్తుత్తి ఆపరేషన్ చేశారు (2013). ఏడాదికి రెండు జట్లకూ నొప్పి బాగానే తగ్గింది, ఉత్తుత్తి జట్టుకు కూడా! పక్కింటావిడ మాట అబద్ధం కాదు. ఈ నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, భరించలేనంత పెరిగినప్పుడే మనం ఆపరేషన్‌కు వెళతాం. తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది. పేరు మాత్రం ఆపరేషన్‌కు.

ఎంఆర్‌ఐ రిపోర్టుకూ బెదరకండి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 దాటిన 991 మందికి తీస్తే, చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు.

ముందు 12 వారాలు తొడ కండరాలకు వ్యాయామం చేయించండి. వెల్లకిలా పడుకుని, ఎడమ మోకాలు మడిచి, కుడికాలు తిన్నగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఉంచాలి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు విడతలు. చాలామంది రెండు వారాలకే మానేసి ఫలితం లేదంటారు. కండరం బలపడటానికి ఆ సమయం చాలదు. బరువు ఎక్కువుంటే తగ్గించాలి. కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మోకాలు హఠాత్తుగా బిగుసుకుపోయి చాపలేకపోయినా, జ్వరంతో ఎర్రగా వాచినా లెక్క వేరు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవన్నీ చేశాక కూడా నడవలేకపోతే, ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపిస్తే, అప్పుడు అడగాల్సింది మోకీలు మార్పిడి గురించి. దానికి డెన్మార్క్‌లో 100 మందిపై జరిగిన పరీక్ష (2015)లో ఫలితం కనిపించింది, సమస్యలు కూడా ఎక్కువే వచ్చాయి.