మచ్చ ఉందా, లేదా?

తిరుపతి

నాయనా,

నీ కథ రాత్రే చదివాను. 1955లో చిత్తూరు కుర్రాడు పొద్దున మశూచి టీకా వేయించుకుని, మర్నాడే మద్రాసు రేవులో మలయాలోని పెనాంగ్‌కి ఓడ ఎక్కేశాడు. అక్కడే కథ నీ చెయ్యి జారింది.

పరదేశం వెళ్ళేవాళ్ళ కోసం 1952లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, మొదటిసారి టీకా వేయించుకున్నవాడి సర్టిఫికెట్ ఎనిమిది రోజులు నిండితేగానీ చెల్లదు. చిన్నప్పుడు ఒకసారి వేయించుకుని ఉంటే మాత్రం, మళ్ళీ వేసిన రోజు నుంచే చెల్లుతుంది. అంటే వాడి జబ్బ మీద పాత మచ్చ ఉందా, లేదా? టీకాలాయన ఊళ్ళోకి వస్తే వాళ్ళమ్మ వాణ్ణి దాచేసిందని రెండో పేజీలో నువ్వే రాశావు. అయితే మచ్చ లేదు. మరి ఆ ఎనిమిది రోజులు మద్రాసులో ఎక్కడ పడుకున్నాడు? చేతిలో డబ్బులున్నాయా? ఆ టెన్షనంతా వదిలేసి సముద్రం మీద సూర్యాస్తమయం వర్ణించావు. ఆ పేరా తీసెయ్.

నువ్వు రాసిన రెండు మొనల టీకా సూది అప్పటికింకా రాలేదు, అది 1960లలో వచ్చింది. మాకు వేసింది పళ్ళున్న చిన్న బిళ్ళ. చర్మం మీద మందు చుక్క పెట్టి, బిళ్ళని నొక్కి గిర్రున తిప్పేవాళ్ళు. మా నాన్న ఒళ్ళో కూర్చుని ఆయన కండువా కొరికాను. మూడు నాలుగు రోజులకి దురద, వారానికి చీము పొక్కు, జ్వరం. పక్కు ఊడాక మిగిలిన మచ్చ ఇప్పటికీ పావలా కాసంత ఉంది.

ఓడ మీద పసుపు జెండా ఒక్కటే ఎగిరితే, మా ఓడలో జబ్బు లేదు, రేవులోకి రానివ్వండి అని. నువ్వు తిరగేసి రాశావు.

ఇక ఆ తల్లి. ఆమెను ఏమీ తెలియని మూర్ఖురాలిగా రాశావు, నాకు బాధేసింది. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టేవాళ్ళు. తాలింపు వేసేవాళ్ళు కాదు. తలకు నీళ్ళు పోసేదాకా బయటివాళ్ళు గడప దాటేవాళ్ళు కాదు. మా తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదంటారు. రేవు డాక్టరూ అంతే, సర్టిఫికెట్ లేనివాణ్ణి 14 రోజులు కనిపెట్టి ఉండేవాడు, లోపల దాగిన జబ్బు ఆలోగా బయటపడుతుందని. ఆగడం అంటే ఏమిటో ఆ తల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు. టీకాను కాదనడం ఆమె తప్పే. కానీ బిడ్డను గంగమ్మ చేతిలో పెట్టాననే ధైర్యంతో చేసిన తప్పు అది. అలా రాయి.

ఆ ఎనిమిది రోజుల్లో ఎప్పుడో, ఎవరిచేతో రాయించిన ఆమె ఉత్తరం వాడికి అందనీ. జబ్బ మీద పొక్కు సలుపుతుండగా చదువుకోనీ.