లాంటస్ నుంచి ట్రెసిబాకు మారితే మొదటి నాలుగు రోజులు

మీ నాన్నగారికి చాలా ఏళ్లుగా లాంటస్ ఇన్సులిన్ నడుస్తోందని, చిత్తూరులో డాక్టరు ట్రెసిబా అనే ఇంకా ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌కు మార్చారని, మూడో రోజుకే ఫాస్టింగ్ షుగర్ (పొద్దున పరగడుపున చూసేది) 140 నుంచి 190కి ఎక్కిందని రాశారు. యూనిట్లు మేమే రెండు మూడు పెంచుకోవచ్చా అని అడిగారు. దయచేసి పెంచకండి. సరిగ్గా ఆ పనే చేసి నేను ఒక రాత్రి చాలా భయపడ్డాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాది తిరుపతి. తొమ్మిదేళ్లు లాంటస్ వేసుకున్నాను, రాత్రి తొమ్మిదిన్నరకు 26 యూనిట్లు. లాంటస్ ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుందంటారు గానీ, కొందరిలో అంతకు ముందే తగ్గిపోతుంది. నాకు సాయంత్రం ఆరు దాటితే తినకపోయినా షుగర్ ఎక్కడం మొదలయ్యేది. అది చూసి డాక్టరు ట్రెసిబాకు మార్చి, ముందు జాగ్రత్తగా 24 యూనిట్లు రాశారు. రెండో రోజు ఫాస్టింగ్ 188, మూడో రోజు 194. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎవరినీ అడగకుండా 30 చేసేశాను.

ఆరో రోజు రాత్రి రెండున్నర దాటాక మెలకువ వచ్చింది. బనియన్ తడిసి ఒంటికి అతుక్కుపోయింది. షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత తీద్దామంటే వేళ్లకు పట్టు దొరకడం లేదు. మా ఆవిడ లేచి తనే వేలు గుచ్చి చూసింది, 54. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలకు 68. మళ్లీ మూడు చెంచాలు. 96 వచ్చాక రెండు ఇడ్లీలు తినిపించి, తెల్లవారేదాకా గంటకోసారి చూస్తూ కూర్చుంది. అలా కూర్చోవడమే మంచిదైంది. ట్రెసిబా లాంటి మందు వేసుకున్నప్పుడు ఒకసారి షుగర్ పైకి వచ్చిందని పడుకుంటే, మందు ఒంట్లో ఉన్నంతసేపూ మళ్లీ పడిపోవచ్చు.

ఎందుకలా జరిగిందో తర్వాత డాక్టరు చెప్పారు. ట్రెసిబా చర్మం కింద గుంపుగా చేరి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. దాని పని 42 గంటలు దాటి కూడా ఉంటుంది. ఈ రాత్రి వేసుకున్న దాంట్లో దాదాపు సగం రేపు రాత్రికీ మిగిలే ఉంటుంది, దాని మీద రేపటి డోసు చేరుతుంది. ఇలా పేరుకుంటూ మూడు నాలుగు రోజులకు ఒక మట్టానికి వచ్చి నిలబడుతుంది. ఈలోగా పాత లాంటస్ ప్రభావం మొదటి రోజే అయిపోయి ఉంటుంది. అంటే పాతది దిగిపోయింది, కొత్తది ఇంకా నిండలేదు. మీ నాన్నగారి 190కి చాలావరకు కారణం ఇదే అయుండొచ్చు. నేను పెంచిన ఆరు యూనిట్లు కూడా పెంచిన రోజు ఏమీ చూపించలేదు, అన్నీ చేరి ఆరో రోజున చూపించాయి. తగ్గించినా అంతే. నన్ను 22కి దించాక కూడా ఆ తేడా తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. అందుకే డోసు మార్చితే కనీసం మూడు నాలుగు రోజులు ఆగి, ఆ ఫాస్టింగ్ అంకెలన్నీ డాక్టరుకు చూపించి తర్వాతి అడుగు వేయాలి. అయితే 300 దాటుతూ ఉన్నా, వాంతులు, ఆయాసం, మగత ఉన్నా నాలుగో రోజు కోసం ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.

ఎన్ని యూనిట్లు అన్నది పాత మందును బట్టి ఉంటుంది. రోజుకు ఒకసారి లాంటస్ నుంచి ట్రెసిబాకు మారేవాళ్లకు అంతే యూనిట్లు ఇవ్వడం మామూలు. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లకు, టౌజియో (లాంటస్‌లోని మందే, ఇంకా గాఢంగా ఉండేది) నుంచి వచ్చేవాళ్లకు ఐదో వంతు తగ్గించి మొదలుపెట్టడం పద్ధతి. నాన్నగారిది ఏ రకమో డాక్టరుకు స్పష్టంగా తెలియాలి కాబట్టి పాత చీటీ కూడా పట్టుకెళ్లండి.

ఇంకొక మాట, ఇది చాలా ముఖ్యం. ఫ్రిజ్‌లో మిగిలిన లాంటస్ పెన్నులు ఈరోజే తీసి పక్కన పెట్టండి. పెద్దవాళ్లు అలవాటు కొద్దీ పాతది వేసుకుని, గుర్తొచ్చి కొత్తదీ వేసుకుంటారు. పెన్నులోని మందును సిరంజితో ఎప్పుడూ లాగకండి. మన దగ్గర సీసాల ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కది, ఎర్ర మూత సిరంజి దానికి. పెన్నులో ఉన్నది 100 యూనిట్ల లెక్కది. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. వాడుతున్న ట్రెసిబా పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే ఎనిమిది వారాలు వస్తుంది, లాంటస్ అయితే 28 రోజులే. మన ఎండలకు వంటింటి అలమరలో మాత్రం పెట్టకండి.

శనివారం ఒక్కపొద్దు గురించి కూడా అడిగారు. ఇలాంటి ఇన్సులిన్ డోసు సరిగ్గా ఉంటే ఒక పూట తినకపోయినా షుగర్ మరీ కిందికి పోకూడదు. పోతే డోసు ఎక్కువైందని అర్థం, వేరే మాత్రలు ఉంటే వాటివల్ల కూడా కావచ్చు. డోసు ఇంకా కుదరని ఈ రెండు మూడు వారాలు మాత్రం ఒక్కపొద్దు వద్దని ఆయనకు నచ్చజెప్పండి.

మొక్కు ఉందని వచ్చే వారం అలిపిరి నుంచి నడిచి వెళ్తామన్నారు. మూడున్నర వేల పైన మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. వీలైతే ఒక నెల వాయిదా వేయండి. తప్పదంటే ముందు డాక్టరును అడగండి, జేబులో గ్లూకోజు పొడి ఉంచండి, గాలిగోపురం దగ్గర ఒకసారి, మోకాళ్ల మెట్ల ముందు ఒకసారి వేలు గుచ్చి చూడండి. కాళ్లు వణికితే అలసట అనుకుని వదిలేయొద్దు, అప్పుడు కూడా చూడండి. ఆ రాత్రి కొండ మీద పడుకున్నాక మూడు గంటలకు అలారం పెట్టుకుని ఇంకోసారి చూడండి. నడక వల్ల షుగర్ అప్పటికప్పుడే కాదు, తర్వాత నిద్రలో కూడా తగ్గుతుంది.